రాయి

దుంపలు తవ్వే రోజులకని బడి ఇచ్చే
మూడు వారాల సెలవులు అయిపోయాయి.
పిల్లలు గోళ్ళ కింద మట్టితో తిరిగొచ్చారు.
ఇక్కడ, మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన,
నదికి అవతలి ఒడ్డు కెనడా.
నా గది ఒకప్పుడు చీపుర్లు దాచే గది.
ఇప్పుడు తలుపు మీద
'కాలేజీ సలహాలు' అని రాసి ఉంటుంది.
కిటికీ లేదు. హీటరు ఉంది,
దాని మనసుకు తోచినప్పుడు వెలుగుతుంది.

డెల్ఫీన్ సీర్ కుర్చీ అంచున కూర్చుంది,
ఏ క్షణమైనా లేచిపోవడానికి వీలుగా.
దరఖాస్తులో ప్రశ్న:
మీకు ఎదురైన ఒక అడ్డంకి గురించి,
దాన్ని దాటిన తీరు గురించి
ఆరువందల యాభై మాటల్లో చెప్పండి.
"నాకేమీ జరగలేదు మేడమ్" అంది,
క్షమాపణ అడుగుతున్నట్టు.

ఏటా ఇదే మాట.
ఈ లోయలో ఎవరికీ ఏమీ జరగలేదు.
తియో వాళ్ళ నాన్న కాగితాల మిల్లులో
రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు.
తియో మాత్రం
తనకు హాకీ అంటే ఇష్టమని రాసుకొచ్చాడు.

డెల్ఫీన్ మొదటి ప్రతి తెచ్చింది. దిద్దాను.
రెండోది తెచ్చింది. దిద్దాను.
నాలుగో ప్రతికి వచ్చేసరికి
'పట్టుదల' మూడు చోట్ల మొలిచింది,
ఎక్కడిదో ఒక సూర్యోదయం వచ్చి
చివరి పేరాలో కూర్చుంది.
చదువుతుంటే నా గొంతే వినపడింది,
పదిహేడేళ్ళ పిల్ల కోటు తొడుక్కున్న
యాభై మూడేళ్ళ గొంతు.
నా దుంప తెగ, అనుకున్నాను,
ఎంత శ్రద్ధగా పాడుచేశాను!

నా పదిహేడో ఏట ఇలాంటి గదిలోనే
ఒకాయన నా మార్కులు చూసి,
తర్వాత నా ఇంటిపేరు చూసి,
"టైపింగు నేర్చుకోమ్మా,
వెంటనే పని దొరుకుతుంది" అన్నాడు.
చెడ్డవాడు కాడు. పిప్పరమెంటు బిళ్ళ కూడా ఇచ్చాడు.
చప్పరిస్తూ బయటికొచ్చాను.
ఆ తలుపు మళ్ళీ వెతుక్కోవడానికి
పన్నెండేళ్ళు పట్టింది.
అందుకేనేమో
చెయ్యి పట్టుకు నడిపించమంటే
ఈ పిల్లల్ని చంకనెత్తుకుంటున్నాను.

ప్రతులన్నీ సొరుగులో పడేసి అడిగాను:
"ఈ మూడు వారాలూ ఏం చేశావు?"
"రాళ్ళు ఏరాను."
"ఎలా?"
ఇంతమాత్రం తెలియదా అన్నట్టు నవ్వింది.
యంత్రం మీద బెల్టు పరుగెత్తుతూ ఉంటుందట.
దుంపా రాయీ ఒకే రంగు, ఒకే బురద.
తెల్లవారుజాము ఐదున్నరకి
కళ్ళతో అయ్యే పని కాదట.
"రాయి ముందు చల్లగా తగులుతుంది,
వెంటనే బరువు తెలుస్తుంది.
దుంప కాస్త ఆలోచించి బరువవుతుంది.
కొత్తవాళ్ళు కంగారులో దుంపల్నే పారేస్తారు.
మొదటి ఏడు నేనూ చాలా పారేశాను.
మా పెద్దమ్మ లూసెట్ ఒక్క మాటనలేదు.
సాయంత్రం బెల్టు పక్కన వంగి
నేను పారేసినవి ఏరి తెచ్చి
బకెట్టు నా ముందు పెట్టింది.
అంతే."

హీటరు టకటకమని వెలిగింది.
"రాయి" అన్నాను.
ఏ రాయి అన్నట్టు చూసింది.
తర్వాత అర్థమై, పెన్ను తీసింది.
"ఇందులో అడ్డంకి ఏదీ?"
నాకూ కనపడలేదు.
"లేకపోతే లేకపోనీ."

ఇంకా పనుంది.
ఫీజు మాఫీకి వాళ్ళ నాన్న ఆదాయం లెక్క కావాలి.
ఆర్మాన్ సీర్ తన ఆదాయం
చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా చెప్పడు.
శనివారం దుంపల గోదాముకు నేనే వెళ్ళాలి,
మందపాటి మేజోళ్ళు వేసుకుని.

ఐదో ప్రతి మూడువందల తొంభై మాటలే వచ్చింది.
రెండు తప్పులున్నాయి.
ఒకటి దిద్దాను.
రెండోది, 'చేతులు వింటాయి' అని రాసింది.
ఎర్ర పెన్ను ఆ మాట మీద
చాలాసేపు నిలబడింది.
చివరికి వేలితో తాకి చూశాను.
చల్లగా లేదు.
అలాగే ఉంచాను.

తలుపు దగ్గర తియో,
నలిగిన కాగితాలు వెనక దాచుకుని.
వాళ్ళ నాన్న వేళ్ళ గురించి అడగాలని
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
"కూర్చో" అన్నాను.
"హాకీ గురించే చెప్పు."